టాపు తీసిన కారులో చలిగాలి

మణుగూరు,
డిసెంబరు 2004.

పుష్పకు, జైరాం రాయునది.

ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, అమ్మ, నీ కడుపులో ఉన్న చిన్న మనిషి, కొట్టంలో ఎడ్లు అందరూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని దీన్ని పైకి చదివి వినిపించు. గట్టిగా చదువు. లేకపోతే మధ్యలో నువ్వేదో మింగేశావని నీతో పోట్లాడుతుంది.

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబు. వేళకే తింటున్నాను. గదిలో నాతో ఉండే లారీ డ్రైవరు బొజ్జయ్య వండుతాడు, నేను గిన్నెలు కడుగుతాను. ఆయన కూరల్లో కారం చూస్తే మన మిర్చి చేను గుర్తొస్తుంది. బీడీలు మానలేదు, తగ్గించాను. ఇక దీని గురించి అడగకు.

ఇక కింద గీత గీసి మరీ అడిగావు, "టాపు లేని కారేంది, అండ్ల చలికి ఎట్లుంటున్నవ్?" అని. టాపు లేకపోవడం కాదు, ఉంది. రెక్సిన్‌ది. మడిచి వెనక్కి పడేస్తాం. మా వీరేందర్ సారు బొగ్గు లారీల కాంట్రాక్టులో బాగా సంపాదించి హైదరాబాదు నుంచి ఈ ఎర్ర కారు తెచ్చుకున్నాడు. రెండే సీట్లు. సారుకు నడపడం రాదు, పక్కన కూర్చోవడం మాత్రం బాగా వచ్చు. మంచు పడుతోంది సారూ, టాపు వేద్దామంటే, "మూసుకొని తిరిగేదానికి అంబాసిడర్ సాలదారా? జనం సూడొద్దా?" అంటాడు. ఆయనకు తోలు కోటు ఉంది. నాకు నువ్వు కొన్న స్వెట్టరు ఉంది.

పొద్దున్నే అశ్వాపురం దాటి భద్రాచలం వైపు పోతుంటే అడవిలో రోడ్డు సగమే కనపడుతుంది. గోదావరి దగ్గరపడే కొద్దీ వేళ్ళు స్టీరింగుకు అతుక్కుపోతాయి. నువ్వనుకున్నట్టు గాలి ఎదురుగా కొట్టదు. దాన్ని ముందు అద్దం ఆపుతుంది. గాలి ఆ అద్దం మీదుగా ఎగిరిపోయి వెనక నుంచి తిరిగొచ్చి మెడ మీద పడుతుంది. అందుకని సీటు వెనక సందులో గోనెసంచి కుక్కాను. బనీను మీద పాత పేపర్లు పరిచి, పైన చొక్కా, ఆపైన స్వెట్టరు వేస్తాను. పేపరు గాలిని లోపలికి పోనివ్వదు, లారీ వాళ్ళంతా చేసేదే. హీటరు కాళ్ళ మీదికి తిప్పుకుంటాను. కాళ్ళు వెచ్చగా ఉంటే మిగతా ఒళ్ళు ఎలాగో ఓర్చుకుంటుంది. పక్క అద్దాలు ఎత్తి పెడతాను గాని, దారిలో ఎవరైనా కనపడితే సారు దింపమంటాడు, చెయ్యి ఊపాలి కదా ఆయన.

అమ్మ కుట్టి పంపిన చెవుల గుడ్డ చాలా వెచ్చగా ఉందని చెప్పు. కళ్ళు సరిగా కనపడకపోయినా అన్ని అద్దాలు, అన్ని గవ్వలు కుట్టింది. రోజూ కట్టుకుంటున్నానని చెప్పు. నువ్వు మిర్చి చేలోకి పోకు. అన్నకు విడిగా రాశాను, ఆయనే చూసుకుంటాడు.

పుష్పా, ఇక్కడితో పైకి చదవడం ఆపు. "అంతే, మంచిగున్నడంట" అని అమ్మకు చెప్పు. ఆమె లేచి పోయాక మిగతాది నీలో నువ్వే చదువుకో.

నా మొహం వంకర పోయింది.

కంగారు పడకు అని రాయాలి. కానీ నాకే చాలా కంగారుగా ఉంది. ఒక రోజు పొద్దున లేచి పళ్ళు తోముకొని పుక్కిలిస్తే నీళ్ళు కుడివైపు నుంచి కారిపోయాయి. ఉమ్మబోతే గడ్డం మీదే పడింది. బొజ్జయ్య చూసి, "ఏందిరా పొద్దుపొద్దున్నే గట్ల నవ్వుతున్నవ్?" అన్నాడు. నేను నవ్వడం లేదు. అద్దంలో చూసుకుంటే ఎడమ సగం నాదే, కుడి సగం ఎవరిదో. ఆ కన్ను మూద్దామన్నా మూతపడలేదు.

సారు చూసి భయపడిపోయాడు. అదే కారులో భద్రాచలం దవాఖానాకు పంపాడు. బొజ్జయ్య నడిపాడు, నేను సారు సీట్లో కూర్చున్నాను. రెండే సీట్లు కాబట్టి సారు వెనకాల బస్సులో వచ్చాడు. ఆ రోజు టాపు వేశాడులే, తన చేత్తోనే. అప్పుడు వేసి ఏం లాభం?

డాక్టరు ఇది పక్షవాతం కాదన్నాడు. మొహం నరం వాచిందట. "చలిగాలి ఒక్కటే కారణమని చెప్పలేను. చాలామందికి తగ్గిపోతుంది. కొందరికి కొద్దిగా మిగులుతుంది" అన్నాడు. ఆ కొందరిలో నేను ఉంటే? మాత్రలు, కంట్లో చుక్కలు ఇచ్చాడు. పడుకునేటప్పుడు కంటికి గుడ్డ కట్టుకోమన్నాడు. బెలూన్లు ఊదమన్నాడు. నేను ఊదితే గాలంతా పక్క నుంచి పోతుంది, బెలూను అలాగే వేలాడుతుంది. సారు రెస్టు తీసుకోమంటున్నాడు గాని, మొన్న ఇంకో డ్రైవరు వచ్చి కారు చుట్టూ తిరిగి చూసి పోయాడు.

చెవుల గుడ్డ గురించి పైన రాసింది అబద్ధం. ఒక్కరోజు కూడా కట్టుకోలేదు. సీటు కింద దాచాను. అంత కారు నడుపుతూ అద్దాలు, గవ్వలు కట్టుకుంటే తండావాడని నవ్వుతారేమోనని సిగ్గుపడ్డాను. సారు ఒక్క మాట అనలేదు, నా అంతట నేనే అనుకున్నాను. బజారులో జనం కారును చూస్తుంటే నన్నే చూస్తున్నారని మురిసిపోయాను. ఇప్పుడు నిజంగానే నన్ను చూస్తున్నారు.

నెలలు నిండేసరికి ఇంటికి వస్తానని నీకు మాట ఇచ్చాను. ఇప్పుడు రాకుండా ఆగింది సెలవు దొరక్క కాదు. అమ్మ సంగతి నీకు తెలుసు. కడుపుతో ఉన్నవాళ్ళు వంకర మొహం చూస్తే పుట్టేవాళ్ళకు అదే వస్తుందంటుంది. పెదవి చీలి ఉందని లచ్చిరాం మామను, సొంత తమ్ముణ్ణే, మన గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ రోజు మనిద్దరం ఆమెతో గొడవపడ్డాం. ఇప్పుడు నేను డాక్టరును అడిగాను, సిగ్గు విడిచి అడిగాను. "గట్లేం ఉండదయ్యా" అని నవ్వాడు. ఆయన మాట నమ్మాలనే ఉంది. కానీ ఆ గుమ్మం బయట ఇప్పుడు నేనే నిలబడ్డట్టు కనపడుతోంది. రేపు బిడ్డకు ఏ చిన్న లోపం ఉన్నా నా మొహమే చూస్తారు అందరూ. నువ్వు కూడా చూస్తావేమో.

ఆదివారం బొజ్జయ్యతో మాట్లాడించి మన ఊళ్ళో ఫోన్ ఉన్న మంగయ్య కొట్టుకు నిన్ను పిలిపించింది నేనే. నువ్వు రొప్పుకుంటూ వచ్చావు. ముందు నీ పేరు పిలుద్దామనుకున్నాను. పెదాలు కలవడం లేదు పుష్పా, నీ పేరు రావడం లేదు. "ఏందయ్యా, పిలిపిచ్చి మాట్లాడవ్? నోట్లె నాలిక లేదా?" అని అడిగి అడిగి ఫోన్ పెట్టేశావు. నేను రిసీవరు పట్టుకొని అలాగే నిలబడ్డాను. ఇక్కడి ఎస్టీడీ బూతులో ఉన్నామె పక్కకు తిరిగి కూర్చుంది.

ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం మళ్ళీ ఫోన్ చేస్తాను. అటు నుంచి ఏమీ వినపడకపోతే నేనే అనుకో. నువ్వు "రా" అంటే అక్కడికక్కడే బస్సెక్కుతాను, అమ్మ ఏమన్నా సరే. రావద్దనిపిస్తే ఏమీ చెప్పనక్కర్లేదు. నిన్ను తప్పు పట్టను. కాకపోతే ఫోన్ వెంటనే పెట్టెయ్యకు. మొన్నటిలాగా కాసేపు తిట్టు.

ఇట్లు,
నీ ఇంటాయన
జైరాం