రంగు పోయిన బకెట్

భేస్తాన్, ఆగస్టు 2020

చిరంజీవి సింధూజకు,

లాక్‌డౌన్‌కు మీ ల్యాబు మూసినప్పుడు నువ్వు తెచ్చిచ్చిన సీసాలో జీవకణాల్లాంటి బుడగలున్నాయనీ, వాటికి ప్రాణం లేదనీ, లోపలి ఎంజైము రంగును ముక్కలు చేస్తుందనీ చెప్పావు. నేను నమ్మలేదు. మా రంగు మిల్లు కాలువలోని ఎర్రనీళ్లు బకెట్లో పట్టి, రెండు చుక్కలు వేశాను. మరునాటికి నీళ్లు తేటపడ్డాయి. అనుమానం ఇంకా పెరిగింది. ముప్పై ఏళ్లుగా రంగులు కలుపుతున్నాను. రంగు ఊరికే మాయం కాదు.

ఇంతలో మీ పెద్దమ్మ అందులో చెంబు ముంచింది.

"ఆగు, గవి కాలువ నీళ్లు" అన్నాను.

"ఇంత తేటగున్నయి, నీకేం అనుమానమో" అంది.

నువ్వు తీసింది రంగునా, విషాన్నా? అది తేలేదాకా సీసా సంగతి మా మిల్లు సేటుకు తెలియనివ్వను; తెలిస్తే కాలువంతా ఇట్లాగే తేట చేసి వదులుతాడు. ఎర్రగా ఉన్నన్నాళ్లూ ఆ నీళ్లను ఎవరూ ముట్టలేదమ్మా.

మీ పెదనాన్న