వేమూరు దాటాక

శుక్రవారం, రాత్రి

ప్రభుత్వం మారాక మొదటిసారిగా ఈరోజు రేపల్లె పాసింజరు ఎక్కాను. కిటికీ పక్కన మా సోషల్ మాస్టారు కనిపించారు. ఇంటర్ రోజుల్లో ఈ రైల్లోనే ఆయన నాకు వాదించడం నేర్పారు. వేమూరు దాకా నేను ప్రభుత్వాన్ని ఖండించేదాన్ని, ఆయన సమర్థించేవారు. వేమూరు దాటగానే పక్షాలు మార్చుకుని తెనాలి దాకా మళ్లీ తలపడేవాళ్లం. పెట్టెంతా చెవులప్పగించి వినేది, మధ్యలో ఎవరో ఒకరు "అమ్మాయిదే పైచెయ్యండీ!" అని ఎగదోసేవారు.

ఇవాళా వేమూరు దాకా అలాగే సాగింది. "ఇక మారుద్దామా మాస్టారూ?" అన్నాను.

"వద్దమ్మా. ప్రభుత్వ జీతం తీసుకునే నేను ప్రభుత్వాన్ని తిట్టడం ఎవరైనా ఫోన్లో పట్టేస్తే, ఆ ముక్క ఒక్కటే ఊరంతా తిరుగుతుంది. ఇది మన ఆట అని ఎవరికి చెప్పుకుంటాం?"

ఈ అలవాటు ఇక్కడితో పోతుందేమోనన్న దిగులుతో, ప్రభుత్వాన్ని సమర్థిస్తూ ఒక వాదన ఆయన చెవిలో చెప్పాను.

"ఏంటమ్మా, ఇంత పేలవంగానా?" ఆయన కళ్లు మెరిశాయి. గొంతు తగ్గించి, నా వాదనను ముక్కలు ముక్కలు చేశారు. తెనాలి వచ్చేదాకా గుసగుసగా పోట్లాడుకున్నాం.

దిగేముందు ఆయన ఎవరి ఫోనైనా మావైపు తిరిగి ఉందేమోనని అటూ ఇటూ చూశారు. నేనూ చూశాను...