సగం కూర్చున్న డ్రైవరు

మార్చి 4

గుండెదడ తగ్గాలంటే బుర్రలో తిరిగేదంతా పుస్తకంలో పెట్టమంది డాక్టరమ్మ. నాలుగో క్లాసు చదువు నాది. తప్పులుంటే ఉండనీ, దిద్దేవాళ్లెవరు.

మా చిన్నది మళ్లీ రేసుకు పేరిచ్చింది. 22న, ఆ కొండ రోడ్డు మీదే. పోయినేడు మూడో మలుపులో దాని ఎర్ర స్పోర్ట్స్ కారు ఒక పక్కకు ఒరిగి రెండు చక్రాల మీద లేచింది. గట్టు మీద నించుని నా కళ్లతో చూశాను. అప్పట్నుంచీ నా ప్రాణం నా దగ్గర లేదు.

మార్చి 7

కారు ఒరగకుండా యాంటీ రోల్ బార్లట. ముందొకటి, వెనకొకటి, అడ్డంగా. కారు ఒరగబోతే ఈ కడ్డీ మెలిపడి వెనక్కి లాగుతుందట. కొట్లో దొరికేవి దీని కారుకు నప్పవట, తనే గీస్తుందట. పాత క్యాలెండరు వెనక గీసింది. తీగ వంచి కారు కింద పెట్టి చూస్తుంది, తీస్తుంది, మళ్లీ వంచుతుంది. ఎన్నిసార్లని! తీగ కంట్లో గుచ్చుకుంటుందేమోనని పక్కనే కూర్చున్నాను. నువ్వలా చూస్తుంటే నాకు పని సాగదమ్మా, లోపలికి పో అంది. పోలేదు.

మార్చి 12

కడ్డీలొచ్చాయి! చిన్నది గీసినట్టే కడ్డీలు వంచిన లేతు మిషను ఆయన తనే మోసుకొచ్చాడు. చివర్ల మూడేసి బెజ్జాలు. ఏ బెజ్జంలో బిగిస్తే ఆ బిగువు. పట్టుకుని చూశాను. నున్నగా, చల్లగా. నా కడుపున పుట్టిన పిల్ల గీసిన గీత ఇంత బరువుంటుందా!

విరగదు కదా అని మూడుసార్లు అడిగాను. నా మెడ విరిగినా అది విరగదు పిన్నిగారూ అన్నాడు. శుభమా అని రేసుంటే మెడల మాటెందుకు?

మార్చి 15, పొద్దున పదకొండు

స్పోర్ట్స్ కారు డ్రైవరు సీట్లో కూర్చున్నాను! నేను!

బారును చక్రాల వైపుకు కలిపే చిన్న కడ్డీలు లింకులు. వాటి పొడుగు సరిచేసేటప్పుడు డ్రైవరు బరువు సీట్లో ఉండాలట. లేకపోతే బారు ముందే మెలిపడి ఉంటుందట. డ్రైవరేమో మా చిన్నదే, అది షెడ్డు గుంటలో దిగి, కారు కింద బిగించాలి. దాని బరువూ నా బరువూ ఒకటే, చెరి అరవై రెండు కిలోలు. కదలకు, నువ్వే నేననుకో అంది.

మార్చి 18

కారు తిప్పి చూసింది. కుడి మలుపులో గీత గీసినట్టు పోతోంది. ఎడమ మలుపులో ఒరుగుతోంది. రేసులో ఆ మూడో మలుపు ఎడమకే.

నా డిజైనే తప్పు, రేసు మానేస్తానంది. అన్నం ముట్టలేదు. మానేస్తే నా బెంగ తీరాలి కదా! తీరలేదు.

మార్చి 19, పొద్దున ఆరు

డిజైను తప్పు కాదు. తప్పు నాది.

లింకులు బిగించిన రోజు పిల్ల నా కిందే గుంటలో ఉంది. నా బరువుకు కారు దాని మీద కుంగితే? తలుపు తెరిచే ఉంది. ఒక కాలు బయట నేల మీద ఆన్చి, పక్కనున్న బల్ల పట్టుకుని సగం లేచే ఉన్నాను. అరగంట. సీటు మీద నా బరువు సగమే పడింది, బారు ముందే మెలిపడిపోయింది. మోకాళ్లు ఇంకా లాగుతున్నాయి. చెప్తే ఏమంటుందో. చెప్పకపోతే ఏమవుతుందో.

అదే రోజు, తొమ్మిది

చెప్పాను. అంటే సగం అమ్మతో కొలిచానన్నమాట అని గుంట అంచున కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

రెండు కాళ్లూ లోపల పెట్టించి, తనే తలుపేసింది. కూర్చున్నావా అని గుంటలోంచి అరిచింది. కూర్చున్నా. పూర్తిగానా? పూర్తిగానే తల్లీ. కళ్లు మూసుకుని బరువంతా వదిలేశాను. కారు కుంగింది. కిందున్న పిల్లకేం కాలేదు. కింద పాట పాడుకుంటూ లింకు రెండు చుట్లు తిప్పింది.

మార్చి 21

కుడికీ ఎడమకీ ఒకటే! ఎన్నిసార్లు తిప్పినా ఒకటే! లేతు మిషను ఆయన ఈల వేశాడు. నేనూ వేద్దామనుకున్నాను, గాలే వచ్చింది.

రేపే రేసు. బ్రేకుల సంగతి ఎవరూ మాట్లాడరేం?

మార్చి 22

మూడో మలుపు. నాలుగు చక్రాలూ నేల మీదే.

గట్టు మీద నేనే ఒరిగి పక్కావిడ ఒళ్లో పడ్డాను. పూర్తిగా.