స్కూల్లో రాసిన తేదీ

ఏప్రిల్ 28

రిజల్ట్స్ వచ్చాయట. పొద్దున పళ్లు తోముకుంటూ ఆయన అన్నారు, "ఓపెన్ టెన్త్‌వి కూడా ఇచ్చేశారంట కోటీ." చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. "చూద్దామా?" అన్నారు. "నేనే చూసుకుంటాలెండి" అన్నాను. ఎందుకలా అన్నానో... ఆయన పక్కన ఉండగా పోయిందని వస్తే, ముఖం ఎక్కడ పెట్టుకోను.

డాబా ఎక్కాను. మా ఇంట్లో సిగ్నల్ అక్కడే. నా ఫోన్ ఆయన పాతది. గుండ్రం తిరుగుతోంది, తిరుగుతోంది. తెల్ల కాగితంలా ఉండిపోయింది. వెనక్కి వచ్చి మళ్లీ. ఎండకి ఏమీ కనపడదు, కొంగు కప్పుకుని చూశాను. చివరికి గడులు వచ్చాయి. హాల్ టికెట్ నంబరు కొట్టాను. పుట్టిన తేదీ, ఆధార్‌లో ఉన్నదే, జనవరి ఒకటి. కింద బొమ్మలో వంకర టింకర అక్షరాలు, చూసి అలాగే రాయాలట. అది పెద్దక్షరమో చిన్నక్షరమో ఎవరికి తెలుసు. తప్పు. ఇంకో బొమ్మ. మళ్లీ తప్పు.

ఆఖరికి బొమ్మ ఒప్పుకుంది. మార్కులు రాలేదు. ఎర్రగా ఒక్క వరుస, ఇంగ్లీషులో. కూడబలుక్కున్నాను. "నాట్" ఒకటే అర్థమైంది. నాట్ అంటే కాదు.

ఎర్ర సిరా అంటే ఏమిటో బడికి పోయినవాళ్లకి ఒకరు చెప్పాలా.

సాయంత్రం

చేయకూడని పని చేశాను.

మిరప కళ్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నాం. నేను, అత్తయ్య, పక్కింటి నాగమణక్క, కూలీకి వచ్చిన ఆడవాళ్లు. ఆయన కొంచెం అవతల గోతాలు కుడుతున్నారు. అత్తయ్య ఉన్నట్టుండి గట్టిగా, "ఏమే అమ్మాయ్, రిజల్టు వచ్చిందంటగా, ఏమైంది?" అందరి చేతులూ ఆగాయి. అందరి కళ్లూ నా మీదే.

"పాసయ్యానత్తయ్యా."

నా నోరే. నా మాటే.

ఆయన తలెత్తి చూశారు. మళ్లీ దబ్బనం గుచ్చుకుంటూ కూర్చున్నారు. సంతోషం ఎక్కువైతే ఆయన ఇంతే అనుకున్నాను. అత్తయ్య ఊరుకోలేదు, "ఒరేయ్, ఆ గోతాలు ఎక్కడికీ పోవురా, పోయి స్వీటు తీసుకురా!" బండి వేసుకుని వెళ్లి మైసూర్‌పాక్ తెచ్చారు. అందరికీ తలా ఒకటి, నాగమణక్కకి రెండు. అందరూ తింటుంటే ఆయన తన ఫోన్‌లో ఫొటో తీశారు. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. "సిగ్గు చూడు టీచరమ్మకి" అని ఆడవాళ్లు నవ్వారు.

నా ముక్క కొంగుకి కట్టుకుని తెచ్చాను. తినబుద్ధి కాలేదు. చీమలకి వేశాను.

ఏప్రిల్ 29

ఏడు చదివాక అమ్మ నన్ను పత్తి తీతకి పంపింది. పెళ్లయ్యాక ఆయనే పదికి కట్టించారు. వినుకొండలో నెట్ సెంటర్ దగ్గర నిలబడి, నా కాగితాలన్నీ ఆయనే పెట్టి. నేను సంతకం చేశాను, అంతే. పరీక్షలప్పుడు బండి మీద దించి, బయట చెట్టు కింద కూర్చునేవారు.

అలాంటి మనిషి కొన్న స్వీటు.

ఏప్రిల్ 30

నాగమణక్క గోడ మీదుగా పిలిచింది. మన ఊళ్లో అంగన్‌వాడీ టీచరు పోస్టు పడిందట. పది పాసైన కోడలు అయ్యుండాలి. అక్క పాసే. దరఖాస్తు కాగితాలు కూడా జిరాక్సు తీయించింది.

"నువ్వు పెట్టవే కోటీ. నేను పెట్టను."

"ఎందుకక్కా, నువ్వు పెట్టు..."

"ఇద్దరం పెడితే మన మధ్య పోటీ. నువ్వు ఇన్నాళ్లకి చదివి పాసయ్యావు. నాకంటే నీకే రావాలి. నేను ఎట్టాగూ ఈ కాయల్లో పడి బతుకుతున్నాగా."

అక్క చేతులు చూశాను. కారం మంటకి వేళ్లు ఉబ్బి ఉన్నాయి. రాత్రి కొబ్బరినూనె రాసుకున్నా తగ్గదు అంటుంది. ఆ చేతులతోనే నా బుగ్గ గిల్లి పోయింది. ఇప్పటికీ మండుతోంది.

మే 1

ఏమీ రాయను.

మే 2

కళ్లంలో నాగమణక్క తన మరిది కథ చెబుతోంది. పోయినేడు ఇంటర్ రిజల్టప్పుడు. "ఎర్రగా ఏదో వచ్చిందని మంచం ఎక్కి దుప్పటి కప్పేశాడే! మా అత్త శోకాలు. వీడు అన్నం ముట్టడు. తీరా నేను చూద్దును కదా, పుట్టిన తేదీ తప్పు కొట్టాడు దరిద్రుడు! అట్టాంటి మనిషి లేడని చెబుతోంది అది. పోయాడని కాదు."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఒక క్షణం ఆలస్యంగా. ఎర్రకాయ తాలులో వేశాను, తాలు ఎర్రకాయల్లో వేశాను. అత్తయ్య కసిరింది, "కళ్లెక్కడ పెట్టావే?"

అంటే ఆ ఎరుపు ఫెయిలు కాదా... పాసై ఉండొచ్చా?

పాసై ఉంటే నేను చెప్పింది అబద్ధం కాదు. కాదా? ఫెయిలనుకుని పాసని చెప్పిన దాన్ని. నిజమైనా అబద్ధమే.

అయినా చూడాలి. ఎవరినీ అడగలేను. పాసైనదాన్ని కదా, ఏమని అడగను.

మే 3

అమ్మకి ఫోన్ చేశాను, "నన్ను బళ్లో వేసినప్పుడు ఏ తేదీ రాశారమ్మా?"

"ఇప్పుడెందుకే అది?"

"ఊరికే."

"నాకేం గుర్తు. నువ్వు పుట్టింది మిరప నారు పోసేటప్పుడు. మాస్టారు నీ చెయ్యి తల మీదుగా తిప్పి అవతలి చెవి అందుకోమన్నాడు. అందింది. అయిదు నిండాయని ఆయనే ఏదో రాసుకున్నాడు. జూన్ అనుకుంటా. పదో, పదిహేనో..."

మిరప నారు వేళ పుట్టి, ఆధార్‌లో జనవరి, బళ్లో జూన్. ఏ నేను పరీక్ష రాశానో.

డాబా మీద జూన్ పది కొట్టాను. ఎరుపు. పదిహేను. ఎరుపు. మధ్యలో వంకర అక్షరాలు. పదకొండు కొడుతుంటే ఈ రోజు డేటా అయిపోయిందని మెసేజి. ఆ తేదీ ఉన్న బడి కాగితం ఆయన పెట్టెలో ఉంది. తాళంచెవి ఆయన మొలతాడుకి.

మే 4

ఆయన స్నానానికి వెళ్లారు. ఫోన్ మంచం మీద ఉంది. తీశాను. దొంగలా తీశాను.

పేజీ వెంటనే వచ్చింది. నంబరు గడిలో మొదటి రెండు అంకెలు కొట్టానో లేదో, మిగతా అంకెలన్నీ కింద అదే చూపించింది. నా నంబరే. తేదీ గడిలో వేలు పెట్టాను. అక్కడ కూడా సిద్ధంగా ఉంది. జూన్ పన్నెండు.

ఒకసారి కొట్టింది ఫోన్ గుర్తుపెట్టుకుంటుందని నాకు తెలుసు. ఎవరు కొట్టారో కూడా తెలుసు.

మార్కులు వచ్చాయి. తెలుగు బాగా వచ్చింది. సైన్సు, సోషల్ గట్టెక్కాయి. ఇంగ్లీషు కూడా. లెక్కలు ఇరవై ఏడు. పక్కన ఎఫ్.

ఫొటోలు తెరిచాను. ఇదే పేజీ, ఫొటో తీసి దాచారు. దాని తర్వాతి ఫొటో — కళ్లంలో అందరూ మైసూర్‌పాక్ తింటున్నారు. కొంగు అడ్డం పెట్టుకుని నేను.

ముందు చూశారు. తర్వాత స్వీటు తెచ్చారు.

తలెత్తి చూశారే ఆ రోజు, సంతోషం అనుకున్నానే.

ఫోన్ ఎక్కడ ఉన్నదో అక్కడే పెట్టాను. వచ్చి తల తుడుచుకుంటూ "టిఫినేంటి?" అన్నారు. "ఉప్మా" అన్నాను. ఇద్దరం కూర్చుని తిన్నాం. ఉప్పు వేయడం మరిచాను. ఆయన అది కూడా చెప్పలేదు. అత్తయ్య చెబితే తెలిసింది.

తిట్టినా బాగుండేది.

మే 5

అంగన్‌వాడీకి రేపే ఆఖరట. నేను పెట్టలేదు, అక్కనీ పెట్టనివ్వలేదు. ఎవరో మూడోవాళ్లకి పోతుంది. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు.

వెళ్లాను. నాగమణక్క వాకిట్లో గిన్నెలు తోముతోంది.

"అక్కా, కాగితాలు నువ్వు పెట్టు."

"మళ్లీ మొదలెట్టావా?"

"నేను పాసవలేదు. లెక్కలు పోయాయి."

చేతిలో పీచు అలాగే ఉంది. నన్ను చూసింది.

"ఇప్పుడా తెలిసింది?"

"నిన్న. కానీ ఆ రోజు కూడా... పోయిందనుకునే చెప్పాను."

"ఓసి నీ! ఇంకో ముక్క తినక్కా అని రెండోది కూడా నా నోట్లో కుక్కావు కదే!"

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. చేతులు కడుక్కుంది.

"మీ ఆయనకి తెలుసా?"

"తెలుసు."

"చెప్పావా?"

"లేదు."

"మరి?"

అక్క లోపలికి వెళ్లింది. ట్రంకు పెట్టె మూత తీసిన చప్పుడు. కాగితాలు వెతుక్కుంటోంది. నేను ఇంకా వాకిట్లోనే ఉన్నానని తెలుసు. కూర్చోమనలేదు. ఎప్పుడూ అనకుండా ఉండదు.

మే 6

నాగమణక్క తెల్లారే బస్సుకి వెళ్లింది. మా ఇంటి ముందు నుంచే. ఇటు చూడలేదు.

ఆయన కూడా వినుకొండ బయలుదేరారు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "కోటీ, నీ పాస్‌పోర్టు ఫొటో ఒకటి ఇవ్వు" అన్నారు.

దేనికని అడగలేదు. దేవుడి పటం వెనక ఉంటే తీసి ఇచ్చాను. జేబులో పెట్టుకున్నారు. పెట్టె తాళం తీసి బడి కాగితం కూడా తీశారు. పదికి కట్టించిన రోజూ ఇవే పట్టుకెళ్లారు, ఇప్పుడు లెక్కలకి మళ్లీ కట్టడానికే. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూ గడప ఇవతల నిలబడ్డాను.

బండి తీస్తూ, వెనక్కి తిరగకుండా అన్నారు —

"పుట్టిన తేదీ స్కూల్లో రాసిందేగా పెట్టాలి?"

"ఊఁ" అన్నాను.

వెళ్లిపోయారు. మధ్యాహ్నం అన్నానికి వస్తానన్నారు. బియ్యం కడిగి పెట్టాను. పొయ్యి ఇంకా వెలిగించలేదు. ఆ ఊఁ తర్వాత మాట నాదే. అది ఎక్కడ మొదలుపెట్టాలో...