చిన్న గదిలో రేడియేటరు

లెర్విక్, షెట్‌లాండ్

ప్రియమైన కారిస్,

ఫోనులో రెండు ముక్కలకే పెట్టేస్తున్నాం, అందుకే రాస్తున్నాను. ఈ దీవిలో గాలి మనిషిని నిలబడనివ్వదు. పగలంతా కొత్త ఇళ్లకు బాయిలర్లు బిగిస్తున్నాను. మన ఇంటి బాయిలరు మాత్రం నీ నెత్తిన పెట్టి వచ్చాను.

చెప్పినట్టు చెయ్యి. నీటి వేడి డెబ్బై అయిదు డిగ్రీల్లో ఉంది, అరవైకి దించు. గదులు వెచ్చచేసే రేడియేటర్లు తిరిగి పంపే నీళ్లు చల్లబడితేనే, బాయిలరు పొగగొట్టంలోంచి బయటికి పోయే ఆవిరి లోపలే నీరై, తన వేడి మనకిచ్చి పోతుంది. ముందుగదికి పంతొమ్మిది, పడకగదికి పదిహేడు చాలు. రేడియేటర్లలో చేరిన గాలి తీసెయ్యి. వాటి మీద బట్టలు ఆరెయ్యకు. మీ అమ్మకు ఎంత చెప్పినా వినలేదు, నువ్వైనా విను. చిన్న గదిలోది కట్టెయ్యి. అక్కడెవరూ లేరుగా.

నీ ఎమ్లిన్

ఫెస్టినియోగ్, వేల్స్

ప్రియమైన ఎమ్లిన్,

ప్రేమలేఖ అనుకుని విప్పితే బాయిలరు పాఠం వచ్చింది. అన్నీ చేశాను. గాలి తీస్తుంటే రేడియేటరు మర తిప్పే తాళంచెవి జారి నల్లనీళ్లు నా ఒళ్లంతా చిమ్మాయి. నువ్వుంటే పడీ పడీ నవ్వేవాడివి.

పక్కింటి గ్లెనిస్ వచ్చి రేడియేటరు ముట్టుకుని చూసింది.

"ఇదేంటే, గోరువెచ్చగా ఉంది? బాయిలర్ల మేస్త్రీ పెళ్లానివి, నీకే ఈ గతా?"

"చేత్తో కాదమ్మా, గోడ మీద గది వేడి చూపే అంకె చూడు."

పంతొమ్మిది చూసి ఒప్పుకుంది. కోటు మాత్రం విప్పలేదు.

చిన్న గది ఒక్కటీ వదిలేశాను. మన పాప మాలి గదిని చల్లబరచడం నావల్ల కాదు. క్రిస్మస్‌కు వస్తావు కదూ?

నీ కారిస్

లెర్విక్

కారిస్,

పిల్ల పోయాక ఇది రెండో చలికాలం. ఖాళీ గదిని ఇంకెన్నాళ్లు కాస్తావు?

గ్యాసు ఖర్చు కాదు నా బాధ. ఇంటికొచ్చి మెట్లెక్కగానే ఆ తలుపు సందులోంచి వెచ్చదనం కాళ్లకు తగులుతుంది. లోపల మాలి ఉందనిపిస్తుంది. తలుపు తీస్తే ఉండదు. ప్రతిసారీ మళ్లీ మొదటిరోజే. అది నావల్ల కావడం లేదు. ఆ గది చల్లారితేనే నేను ఇంటికి రాగలను. కోపంతో అనడం లేదు.

ఎమ్లిన్

ఫెస్టినియోగ్

ఎమ్లిన్,

కట్టేశాను.

ఆ రేడియేటరు మీద మాలి పసుపు స్వెటరు ఉంది. నీకు తెలుసో లేదో. నేను బేకరీకి పెందలాడే వెళ్లిన రోజది. పిల్లని కారు గుద్దిందని కబురొచ్చి, ఆస్పత్రి నుంచి ఇల్లు చేరేసరికి అది అక్కడుంది. తనే ఆరేసుకుందేమో. ఆనాటి నుంచి కదపలేదు. రోజూ చెంప ఆనించేదాన్ని. ఇప్పుడే ఒంటి మీంచి విడిచినట్టు ఉండేది. నేను కాచింది గదిని కాదు.

నిన్న వాల్వు తిప్పి అక్కడే కూర్చున్నాను. చల్లారుతూ ఇనుము టిక్కు టిక్కుమంది. తర్వాత అదీ ఆగింది. స్వెటరు గోడంత చల్లగా అయింది. మడిచి మంచం మీద పెట్టాను.

నువ్వడిగింది చేశాను, ఇక రా. ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేను.

కారిస్

లెర్విక్

నా కారిస్,

దాన్ని ఆరేసింది నేను.

ఆ పొద్దున మాలి దాని మీద కోకో ఒలకబోసుకుంది. "అదే కావాలి నాన్నా, వేరేది గుచ్చుకుంటుంది" అని ఒకటే మారాం. ఊరందరికీ వద్దని చెప్పే నేనే ఉతికి రేడియేటరు మీద వేశాను. "నువ్వు బడి నుంచి వచ్చేసరికి ఆరిపోతుందే. వెచ్చవెచ్చగా నేనే తొడుగుతా" అన్నాను. సరేనని తలూపి వెళ్లింది.

తలుపు సందులోంచి ఆ వేడి తగిలినప్పుడల్లా నాకు ఈ మాటే వినబడేది. నీకు చెప్పడానికి నోరు రాలేదు. అందుకే కట్టెయ్యమన్నాను, అందుకే ఇంత దూరం వచ్చి పడ్డాను. నువ్వు దానికి చెంప ఆనించుకుంటున్నావని తెలిసుంటే ఆ మాట రాసేవాణ్ణి కాదు.

వాల్వు తెరువు. మూడు మీద పెట్టు. స్వెటరు మళ్లీ అక్కడే వెయ్యి. శనివారం పడవెక్కుతున్నాను. అది ఎప్పుడో ఆరిపోయింది కారిస్. అక్కణ్ణించి తియ్యాల్సింది నేను.

నీ ఎమ్లిన్