తెర దించని కిటికీ

నగోయా,
నవంబరు 14.

తొమికో వదినగారికి,

నత్సుయే నమస్కరించి వ్రాయునది. ఇక్కడ చలి మొదలైంది. అక్కడ మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో! టోక్యో స్టేషన్లో నన్ను నానా మాటలూ అంటూనే చేతిలో కుక్కారే, ఆ కమలాపళ్ళు తియ్యగా ఉన్నాయి. మీ మాటలే ఇంకా అరగలేదు.

మీ తమ్ముడు తాగరు, కొట్టరు. కిటికీ పక్కన కూర్చోనివ్వలేదని కాపురం వదిలేసే ఆడదాన్ని ఎక్కడా చూడలేదన్నారు. ఇప్పుడు చూశారుగా! ముప్పై ఏళ్ళపాటు ఏటా పెద్దల సమాధులు కడగడానికి బుల్లెట్ రైల్లో ఒసాకా వెళ్ళాం. ఎప్పుడూ కొండ వైపు కిటికీ ఆయనది. పక్క సీటూ, ఒళ్ళో భోజనం డబ్బాలూ నావి. బండి కదలగానే, వెలుతురుకి నిద్ర పట్టదంటూ తెర దించేసేవారు. ఒక్కసారి ఫుజి కొండను చూస్తానండీ అంటే, కొండ ఎక్కడికి పోతుంది, వచ్చేసారి చూద్దువుగాని అనేవారు. కుట్టుపని నేర్చుకుంటానన్నా వచ్చేసారే. జబ్బు పడ్డ మా అమ్మను చూసొస్తానన్నా వచ్చేసారే. మా అమ్మ అంతదాకా ఆగలేదు వదినా.

కొండ ఎక్కడికీ పోలేదు, నిజమే. నేనే వచ్చేశాను.

నేను బండి ఎక్కబోతుంటే మీరు నా చెయ్యి పట్టుకుని పందెం వేశారు. కొండ కనిపిస్తే శుభం, నీ దారిన నువ్వు పో. మబ్బుల్లో దాక్కుంటే దేవుడు ఒప్పుకోనట్టే, నగోయాలో దిగి తిరుగు బండి ఎక్కాలి అని. ఆ విసురులో నేనూ సరేనన్నాను.

కొండ వైపు కిటికీ సీటు, నా టికెట్టు! పక్కన సూటు వేసుకున్న ఒకాయన. కాస్త కునుకు తీస్తాను, ఏమీ అనుకోకపోతే తెర దించుతారా అని మెల్లిగా అడిగాడు. పాడు చెయ్యి, అలవాటు కొద్దీ తెర మీదికి వెళ్ళిపోయింది! సగంలో ఆపి, మన్నించాలి, కుదరదు అన్నాను. నాకే నవ్వొచ్చింది. ఆయన మన్నించమని వంగాడు, నేనూ వంగాను, మళ్ళీ ఆయన, మళ్ళీ నేను. ఎన్నిసార్లు వంగినా తెర మాత్రం దించలేదు.

కొండ కనిపించింది వదినా. కాగితం మిల్లుల పొగగొట్టాల వెనక, తల మీద మంచుతో, కిటికీ నిండా. కాబట్టి పందెం నాదే. ఇక్కడ నూడుల్స్ కొట్లో పని దొరికింది. గది చిన్నదే, కిటికీ మాత్రం ఉంది. మీ తమ్ముణ్ణి రాయబారానికి పంపకండి.

ఇట్లు,
ఇప్పటికీ మీ మరదలే,
నత్సుయే

తా.క. కవరు అంటించబోయి ఆగిపోయాను. అబద్ధమాడి గెలవాల్సిన ఖర్మ నాకేం? పొగగొట్టాలు నిజం, కొండ అబద్ధం. ఆ రోజు మబ్బు దట్టంగా పట్టింది, కొండ పాదం కూడా కనపడలేదు. నగోయాలో దిగాక తిరుగు బండి వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. కమలా వలుచుకుంటూ చూస్తూ నిలబడ్డాను. నా కాపురం సంగతి కొండను అడిగేదేమిటి? పందెం మీరే గెలిచారు వదినా. నేను మాత్రం రాను.