చావింటికి వెళ్ళిన ఇరవై పెట్టెలు

సవాయీ, మార్చి 3

ప్రియమైన చెల్లీ పేపే,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను. నిజానికి చెయ్యి రావడం లేదు.

నిన్న పన్నుల ఆఫీసు నుంచి ఒకాయన మన కొట్టుకు వచ్చాడు. నువ్వు నింపి పంపిన కాగితం చేతిలో ఉంది. "చేపల డబ్బాలు ఇరవై పెట్టెలు దొంగలెత్తుకెళ్ళారని రాశారు కదమ్మా, పోలీసు ఫిర్యాదు ఏదీ?" అన్నాడు, కొట్టు నిండా జనం ఉండగా. దొంగలా? మేనత్త చావుకి పెదనాన్న తీసుకెళ్ళిన పెట్టెలవి! చావింటికి సరుకు ఇవ్వనన్న కొట్టు ఈ దీవిలో ఉందా?

సాయంత్రానికి ఊరంతా పాకింది. ఇంటిపెద్దను దొంగను చేశామట. సోమవారం ఊరి పెద్దల సభకు రమ్మన్నారు. కొట్టు మూయించేస్తారని చెప్పుకుంటున్నారు. నా పిల్లలు ఏం తింటారు?

పదేళ్ళు ఆడిటరు దగ్గర టైపు కొడితే నువ్వూ ఆడిటరువైపోతావా? చదువు లేదు, సర్టిఫికెట్ లేదు, వసారాలో బోర్డు మాత్రం వేలాడదీశావు.

నీ అక్క (ఏం చేస్తాం, అక్కనే కదా),
సెలైనా


ఆపియా, మార్చి 7

ప్రియమైన అక్కా,

నేనూ అలవాటు కొద్దీనే రాశాను.

మూడేళ్ళుగా పైసా ఇవ్వకుండా లెక్కలు రాయించుకుంటున్నప్పుడు సర్టిఫికెట్ అడగలేదేం? ఆ ఆడిటరు గారి కాగితాలన్నీ నేనే రాశాను. ఆయన సంతకం పెట్టి డబ్బు తీసుకున్నాడు. బయటికొచ్చి నా పని నేను చేసుకుంటే నేరమైపోయిందా?

నీ నోటుపుస్తకంలో ఉన్నదేమిటి? "ఇరవై పెట్టెలు పెదనాన్న తీసుకున్నారు. డబ్బు లేదు." అంతే. చావు అన్న మాటే లేదు. ఆ కాగితంలో ఉన్నవి మూడే గడులు: అమ్మినవి, పాడైనవి, దొంగతనం అయినవి. డబ్బు రాలేదు, సరుకు పాడవలేదు. మిగిలిన గడిలో రాశాను. నిన్ను అడగకుండా రాయడం తప్పే. ఒప్పుకుంటున్నాను. కానీ నాకు చదువు లేదని దెప్పావు చూడు, అది మాత్రం మర్చిపోను.

సంగతి ఇక్కడిదాకా వచ్చింది. నా దగ్గర లెక్కలు రాయించుకునేవాళ్ళే నలుగురు. అందులో దర్జీ ఆవిడ నిన్న పుస్తకాలు వెనక్కి తీసుకుపోయింది. ఇంకొకరు వెళ్తే బోర్డు దించేయడమే.

సవరణ కాగితం పంపుతున్నాను. అందులో కారణం రాసే చోటుంది, ఇరవై పెట్టెలూ దానంగా ఇచ్చినట్టు రాశాను. సంతకం పెట్టు.

నీ చెల్లెలు,
పేపే


సవాయీ, మార్చి 15

ప్రియమైన పేపే,

ఈసారి అలవాటు కొద్దీ కాదు.

సంతకం పెట్టలేదు. ఎందుకో చెప్తాను.

సభలో పెదనాన్న గొంతు చించుకుని నన్ను తిట్టారు. అంతలో ఆ చావులో కానుకలు ప్రకటించిన వక్త లేచాడు. ఎవరు ఏం తెచ్చారో అందరూ వినేలా అరిచి చెప్పే మనిషి, ఒక్క అంకె మర్చిపోడు. "మీ ఇంటి పేరు మీద నేను చాటింది పదకొండు పెట్టెలయ్యా. ఇరవై ఎక్కడివి?" అన్నాడు.

పెద్దలు నా వైపు చూశారు. నోటుపుస్తకం చూపించాను. పెద్దలు గట్టిగా అడిగితే పెదనాన్న ఒప్పుకున్నారు. మిగతా తొమ్మిదీ రేవు దగ్గర అమ్ముకున్నారట. పెద్దలు ఆయన్ను జరిమానాగా పది పందులు ఇమ్మన్నారు. కొట్టు జోలికి రాలేదు.

పెట్టెలు దారిలోనే తగ్గిపోతాయని నాకు ఆరేళ్ళుగా తెలుసు పేపే. ఇంటిపెద్ద కదా, అడగడానికి నోరు రాలేదు. తెలిసి నేను అనలేని మాట నువ్వు తెలియక రాసేశావు. ఆ సిగ్గంతా నీ మీద కక్కాను. నీ చదువు గురించి అన్నది అన్యాయం. అలా అనకుండా ఉండాల్సింది.

పదకొండు దానం, తొమ్మిది దొంగతనం. అలా మార్చి పంపు, సంతకం పెడతాను. మూడేళ్ళ పనికి నూట యాభై తాలాల డబ్బు కవరులో పెట్టాను. ఆ దర్జీ ఆవిడకు నేనే ఉత్తరం రాస్తున్నాను.

ఇంకో సంగతి. ఇవాళ పొద్దున పెదనాన్న ఏమీ జరగనట్టే వచ్చి, అవతలి ఊళ్ళో చావు ఉంది, పది పెట్టెలు ఇమ్మన్నారు. "సరే పెదనాన్నా, నేనే తెస్తాను, చావింటి గుమ్మం దాకా" అన్నాను. ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం ఆ ఊరి బస్సు డ్రైవరును అడిగాను. అక్కడ ఎవరూ చనిపోలేదట.

నీ అక్క,
సెలైనా